పాత పనిముట్టుకు కొత్త ప్రాణం: గుంపే యొకోయి జీవితం

మహనీయుల జీవిత చరిత్రలనగానే మన కన్నుల ముందు చక్రవర్తులు, కవులు, విజ్ఞానవేత్తలు, దేశభక్తులు నిలుస్తారు. ఆటబొమ్మలు చేసిన మనిషి ఆ వరుసలో కనిపించడు. పిల్లల చేతికి బొమ్మనిచ్చినవాడు పెద్దల చేతికి గ్రంథమిచ్చినవానికంటె తక్కువవాడని మనమెందుకో తలచుతాము. ఈ సంచికలో మేము అటువంటి బొమ్మల శిల్పి ఒకరి జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన పేరు గుంపే యొకోయి. జపాను దేశస్థుడు. 1997లో కన్నుమూసినారు. ఆయన పేరు ఎరుగనివారు కోట్లమంది ఉండవచ్చును. కాని వీడియో ఆటలాడినవారిలో ఆయన చేతిపనిని తాకనివారు మాత్రం అరుదు. బొటనవ్రేలితో పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు నొక్కే కూడిక గుర్తు వంటి ఆ చిన్న మీట ఆయన కల్పించినదే.

ఈ జీవితాన్ని మేము ఎన్నుకొనుటకు వేరొక కారణం కూడా ఉన్నది. ముప్పై, నలభై ఏండ్లనాటి ఆట యంత్రాల కొరకు తయారైన ఆటలను మరల విడుదల చేసే పని ఇటీవలి కాలంలో అనేక దేశాలలో సాగుతున్నది. వాటిలో కొన్ని సునాయాసంగా తిరిగి వస్తున్నవి. కొన్ని ఏండ్ల తరబడి రాకుండా ఉండిపోతున్నవి. యంత్రం పాతబడినందువల్ల ఇట్లు జరుగుతున్నదని పైకి తోచును. నిజానికి అడ్డుపడేది తరచుగా యంత్రం కాదు, హక్కుల కాగితం. పాత యంత్రం చావదని నిరూపించుట, అరువు తెచ్చుకొన్న పేరుతో ఆటలు చేయుట అనే ఈ రెండు సంగతులు యొకోయి జీవితంలో పడుగు పేకలవలె కలిసి ఉన్నవి.

పేకముక్కల కార్ఖానాలో

యొకోయి 1941 సెప్టెంబరు 10న జన్మించినారు. క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండో అనే సంస్థలో చేరినారు. నేడు ఆ పేరు వినగానే వీడియో ఆటలు గుర్తుకు వస్తవి. ఆనాడు అది ప్రధానంగా పేకముక్కల కంపెనీ. 1889లో క్యోటోలోనే పుట్టి, పూల బొమ్మలు గల హనఫుద అనే జపాను ముక్కలు చేసి అమ్ముతూ వచ్చినది. ఆ ముక్కలు తయారుచేసే యంత్రాలు ఆగిపోకుండ కనిపెట్టి చూచుటయే యొకోయి ఉద్యోగం. పట్టభద్రుడైన యువకునికి అది చెప్పుకోదగిన కొలువు కాదు. యంత్రాలు సవ్యంగా నడుస్తున్నంత కాలం ఆయనకు చేయుటకు పనియే ఉండేది కాదు.

ఆ తీరిక వేళలలో ఆయన సరదాకు ఒక బొమ్మ చేసుకొన్నారు. కత్తెరవలె ముడుచుకొని, పిడిని నొక్కగానే ముందుకు చాచుకొని దూరాన ఉన్న వస్తువును పట్టుకొనే చేయి అది. ఒకనాడు కార్ఖానా చూడవచ్చిన సంస్థాధిపతి హిరోషి యమౌచి కంట అది పడినది. పని వేళ ఆటలాడుతున్నాడని దండన తప్పదని యొకోయి భయపడినారు. జరిగినది వేరు. ఆ బొమ్మను అమ్మకానికి తగినట్లు తయారుచేయవలసినదిగా అధిపతి ఆజ్ఞాపించినారు. 1966లో అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. యంత్రాలకు నూనె వేసే ఉద్యోగి బొమ్మల రూపకర్త అయినారు.

ఆ బొమ్మలో కొత్త విజ్ఞానమేదీ లేదన్నది గమనింపదగిన విషయం. ముడుచుకొనే జాలీ తలుపులో ఉన్న కిటుకే అందులోనూ ఉన్నది. 1969లో ఆయన చేసిన లవ్ టెస్టర్ కూడ అటువంటిదే. ఇద్దరు చేతులు పట్టుకొని, రెండవ చేతులతో చెరొక లోహపు గుండును పట్టుకొన్నచో, వారి శరీరాలగుండ ప్రవహించే స్వల్ప విద్యుత్తును కొలిచి ముల్లు కదలును. ప్రతి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే గాల్వనోమీటరే అది. విద్యార్థి దానితో కొలత తీసికొనును. యొకోయి దానితో నవ్వు పుట్టించినారు. 1970లో, వెలుతురు సోకగానే విద్యుత్తు పుట్టించే సౌర ఘటాలను గురిగా అమర్చి, కాంతిని వెదజల్లే బొమ్మ తుపాకిని చేసినారు.

అన్నీ విజయాలే అనుకొనుట పొరపాటు. ఆ కాంతి తుపాకి సూత్రాన్నే పెద్దది చేసి, 1973లో బౌలింగు శాలలను కాల్పుల ఆటశాలలుగా మార్చే పథకం పెట్టుకొన్నారు. ఆ ఏడే ప్రపంచాన్ని చమురు సంక్షోభం చుట్టుముట్టినది. వచ్చిన ఆర్డర్లు రద్దయినవి. నింటెండో అప్పులలో చిక్కుకొన్నది. చౌకగా తయారయ్యే వస్తువు విలువ ఏమిటో ఆ ఏండ్లలో సంస్థకు బాగుగా బోధపడి ఉండవలెను.

రైలు పెట్టెలో పుట్టిన తలంపు

జపానులో వేగవంతమైన రైలులో పోతూ యొకోయి ఒక దృశ్యం చూచినారు. తోటి ప్రయాణికుడొకరు ప్రొద్దుపోక, చేతిలోని చిన్న లెక్కల యంత్రం మీటలు ఊరకనే నొక్కుతూ కూర్చున్నాడు. ప్రయాణంలో కాలక్షేపానికి, అరచేతిలో ఇమిడిపోయి ఇతరుల కంటబడని ఆట ఒకటి ఉండరాదా అని ఆయనకు తోచినది. తరువాత ఒకనాడు అధిపతి కారు నడిపేవాడు రానందున యొకోయి ఆ కారు నడపవలసి వచ్చినది. దారిలో మాటల సందర్భంలో ఈ ఊహను విన్నవించినారు. యమౌచి ఆనాడు బదులేమియు చెప్పలేదు. కొద్ది దినాలకే షార్ప్ సంస్థ పెద్దలు నింటెండో తలుపు తట్టినారు.

షార్ప్ రాకలోని మర్మం ఇది. 1970లలో లెక్కల యంత్రాల వర్తకంలో షార్ప్, కాసియో సంస్థల నడుమ తీవ్రమైన పోటీ సాగినది. ఆ పోటీలో ద్రవ స్ఫటికపు తెరలు, వాటిని నడిపే చిప్పులు విపరీతంగా చౌకబడినవి. అందరి జేబులోను లెక్కల యంత్రం చేరినపిదప వాటికి గిరాకీ మందగించినది. వర్తకులకు అది పాతబడిన సరకు. యొకోయికి అదే బంగారపు గని అయినది. 1980 ఏప్రిల్‌లో గేమ్ అండ్ వాచ్ వరుసలో మొదటిదైన బాల్ అనే ఆట వెలువడినది. ఆట ముగిసినపిదప అదే తెర గడియారమై సమయం చూపును. 1991 వరకు ఆ వరుసలో సుమారు 60 ఆటలు వచ్చినవి. ప్రపంచమంతటా 4 కోట్ల 34 లక్షల యంత్రాలు అమ్ముడుపోయినవి.

యొకోయి సిద్ధాంతం ఇక్కడ సంపూర్ణ రూపం తాల్చినది. అత్యాధునికమైన దానికొరకు పరుగెత్తవద్దని, అందరికి తెలిసి, చౌకబడి, లోపాలన్నీ బయటపడి సరిదిద్దబడిన పరికరాన్ని తీసికొని ఎవ్వరూ ఊహించని పనికి వాడవలెనని ఆయన మతం. ఎండినట్లు కనిపించే కొమ్మను తెచ్చి వేరొక నేలలో నాటుట వంటిది ఈ విద్య.

అరువు పేర్ల ఆటలు

ఇక లైసెన్సు సంగతి. ఒకరి సృష్టిని, బొమ్మను, పేరును ఇంత కాలం, ఈ దేశాలలో, ఈ వస్తువుపై వాడుకొనుటకు సొంతదారు ఇచ్చే అనుమతియే లైసెన్సు. మన పల్లెలలో చేను కౌలుకిచ్చినట్లే ఇదియును. కౌలుదారు దున్నవచ్చును, విత్తవచ్చును, పంట ఇంటికి తెచ్చుకొనవచ్చును. మియాదు తీరిననాడు చేను సొంతదారుదే. ఆ చేనిలో తాను త్రవ్విన బావిని కూడ వదలి పోవలసినదే.

1981లో గేమ్ అండ్ వాచ్ వరుసలో మిక్కీ మౌస్ ఆట వచ్చినది. నాలుగు వైపులనుండి దొర్లివచ్చే గ్రుడ్లను మిక్కీ బుట్టతో పట్టవలెను. మిక్కీ సొంతదారు డిస్నీ సంస్థ. ఆ బొమ్మను వాడుకొనే వీలులేని ప్రాంతాల కొరకు అదే ఏడు అదే ఆటను ఎగ్ అనే పేరుతో విడుదల చేసినారు. గ్రుడ్లు అవే, దారులు అవే, మీటలు అవే. మిక్కీ నిలిచిన చోట ఒక తోడేలు నిలిచినది. ఒకే యంత్రం, ఒకే బుద్ధి, కాగితాన్నిబట్టి రెండు ముఖాలు! సోవియట్ దేశంలో 1984 నుండి ఎలెక్ట్రానికా అనే పేరుతో అదే ఆటకు నకలు వెలసినది. అక్కడ బుట్ట పట్టినది ఆ దేశపు కార్టూను చిత్రాలలోని తోడేలు. ఆ నకలుకు నింటెండో అనుమతి లేదు.

అదే 1981లో మరొక చిత్రమైన సంఘటన జరిగినది. అమెరికాలో అమ్మకానికి పంపిన రాడార్ స్కోప్ అనే నాణెపు ఆట యంత్రాలు 3,000లో సుమారు 2,000 అమ్ముడుపోక గిడ్డంగిలో నిలిచినవి. ఆ పెట్టెలనే మార్చి కొత్త ఆట చేయు బాధ్యతను షిగెరు మియమోటో అనే యువ చిత్రకారునికి అప్పగించి, యొకోయిని పర్యవేక్షకునిగా నియమించినారు. పొపాయి అనే సుప్రసిద్ధ వ్యంగ్యచిత్ర కథలోని పాత్రలతో ఆట చేయవలెనని వారు మొదట తలచినారు. ఆ ఆటకు ఆ పాత్రలు దక్కలేదు. గత్యంతరం లేక సొంత పాత్రలు కల్పించుకొన్నారు. బలాఢ్యుడైన శత్రువు స్థానంలో ఒక గొరిల్లా, నావికుని స్థానంలో మీసాల వడ్రంగి వెలసినారు. ఆ ఆటయే డాంకీ కాంగ్. ఆ వడ్రంగియే తరువాత మారియో. అమ్ముడుపోని పెట్టెలు, దక్కని అనుమతి అనే రెండు లోట్లనుండి ఆ సంస్థకు తరగని సంపద లభించినది. పొపాయి దక్కియున్నచో మారియో పుట్టియుండెడివాడు కాడేమో!

1982లో డాంకీ కాంగ్‌ను గేమ్ అండ్ వాచ్‌గా మలచునప్పుడు, నాలుగు దిక్కుల కదలికను చిన్న పెట్టెలో ఇముడ్చుట ఎట్లన్న ప్రశ్న ఎదురైనది. నిలువు కర్ర వంటి మీట పెట్టిన యెడల యంత్రం జేబులో పట్టదు. దానికి సమాధానంగా యొకోయి ఆ కూడిక గుర్తు మీటను కల్పించినారు. 1983 జులై 15న జపానులో వెలువడిన ఫామికామ్ అనే ఇంటి ఆట యంత్రం పట్టుకొమ్మపై అదే మీట చేరినది. యంత్రాన్ని రూపొందించినవారు మసయుకి ఉయెమురా. మీట మాత్రం యొకోయిది. ఈ యంత్రమే పాశ్చాత్య దేశాలలో వేరొక రూపంతో, నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అనే పేరుతో అమ్ముడైనది. రెండు పేర్లతో కలిసి 6 కోట్ల 19 లక్షల యంత్రాలు లోకంలోకి వెళ్లినవి.

మన దేశానికి కూడ ఈ యంత్రం దొడ్డిదారిన వచ్చినది. 1990లలో మన పట్టణాలలోని పిల్లలు టీవీకి తగిలించి ఆడుకొన్న వీడియో గేమ్ పెట్టెలలో పెక్కు ఫామికామ్ నకళ్లే. ఆటలు నింపిన ప్లాస్టిక్ కార్ట్రిడ్జిని మనవారు క్యాసెట్టు అని పిలుచుకొన్నారు. ఆ క్యాసెట్టులోని ఆటల సొంతదారు ఎవరో, అనుమతి ఎవరిచ్చినారో అడిగినవారు లేరు. ఆ విషయంలో మనమందరమును కొంత బాధ్యులమే.

బూడిద రంగు విజయం

యొకోయి కీర్తి శిఖరం 1989 ఏప్రిల్ 21న వెలువడిన గేమ్ బాయ్. కార్ట్రిడ్జి మార్చుకొంటూ ఎన్ని ఆటలైనను ఆడగల చేతి యంత్రమది. దాని తెరకు రంగులు లేవు. ముదురు లేత భేదాలతో నాలుగు ఛాయలు మాత్రమే. వెనుకనుండి వెలుతురు లేదు. అదే ఏడు అటారీ సంస్థ లింక్స్ అనే రంగుల యంత్రాన్ని, 1990లో సెగా సంస్థ గేమ్ గేర్ అనే రంగుల యంత్రాన్ని విడుదల చేసినవి. అందచందాలలో అవి రాజకుమారులు, గేమ్ బాయ్ దాసీపుత్రుడు. కాని ఆ రాజకుమారులు ఆరు సెల్లులను కొద్ది గంటలలో ఆరగించేవారు. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో పది గంటలకు పైగా నడిచేది. ధర తక్కువ, దేహం గట్టి. పిల్లవాని జేబు డబ్బుతో సెల్లులు కొనవలెనని యొకోయి మరువలేదు. దాని పిదప వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి.

ఈ విజయంలో కూడ లైసెన్సు పాత్ర ఉన్నది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ అనే శాస్త్ర సంస్థ ఉద్యోగి టెట్రిస్ అనే ఆటను కల్పించినారు. పై నుండి పడే ఇటుకలను వరుసగా పేర్చే ఆట. మన అంగళ్లలో బ్రిక్ గేమ్ అని అమ్ముడైన చేతి యంత్రాలలోని ఆట దాని ఛాయయే. దాని హక్కులు సోవియట్ ప్రభుత్వానికి చెందిన ఎలోర్గ్ అనే సంస్థ చేతిలో ఉండెను. 1989లో హెంక్ రోజర్స్ అనే వ్యాపారి మాస్కో వెళ్లి, చేతి యంత్రాల హక్కును సంపాదించి నింటెండోకు అందించినారు. అమెరికాలో గేమ్ బాయ్‌తోపాటు టెట్రిస్‌ను జతచేసి అమ్మినారు. పిల్లలే కాక పెద్దలు కూడ ఆ యంత్రాన్ని చేతబట్టినారు.

అదే ఏడు ఇంటి యంత్రానికి మాత్రం వేరొక కథ జరిగినది. టెంగెన్ అనే సంస్థ తనకు హక్కున్నదని నమ్మి టెట్రిస్ కార్ట్రిడ్జులను చేసి అంగళ్లకు పంపినది. ఇంటి యంత్రపు హక్కు నింటెండోదని వివాదం న్యాయస్థానానికి ఎక్కినది. 1989 జూన్‌లో ఆ కార్ట్రిడ్జులను అంగళ్లనుండి వెనుకకు తీసికొనవలసి వచ్చినది. ఆటలో దోషమేమియు లేదు. దోషం దస్తావేజులో ఉన్నది.

ఓటమి, వీడుకోలు, మరణం

తన సిద్ధాంతాన్ని నమ్ముకొన్నవాడు కూడ ఒకసారి తడబడినాడు. 1995 జులైలో యొకోయి వర్చువల్ బాయ్ అనే యంత్రాన్ని లోకానికి అందించినారు. బల్లపై నిలబెట్టి, కళ్లద్దాలలోకి తొంగిచూచి ఆడవలసిన యంత్రమది. లోతు తోచే దృశ్యాలు కనిపించును, కాని నల్లని చీకటిలో ఎర్రని గీతలు మాత్రమే. చౌకయైన ఎర్ర దీపాలను వాడుటలో పాత సిద్ధాంతమే ఉన్నది. అయితే రైలు పెట్టెలో ప్రయాణికుని సుఖాన్ని గ్రహించిన కన్ను ఈసారి ఆడేవాని మెడ నొప్పిని, కంటి అలసటను గ్రహించలేదు. జేబులో పట్టదు, ఒడిలో నిలువదు. 7 లక్షల 70 వేల యంత్రాలకు మించి పోలేదు. అన్ని దేశాలలో కలిసి 22 ఆటలే వచ్చినవి. ఏడాది తిరుగకుండగనే అమ్మకం నిలిచినది.

1996 ఆగస్టు 15న, 31 ఏండ్ల సేవ అనంతరం, యొకోయి నింటెండోను వీడినారు. ఓటమివల్లనే వెళ్లినారని లోకం అనుకొన్నది. స్వతంత్రంగా పని చేయవలెనన్న కోరిక తనకు చాలకాలంగా ఉన్నదని ఆయన తెలిపినారు. వెళ్లేముందు ఆయన చేసిన పని మాత్రం గమనింపదగినది. గేమ్ బాయ్‌ను మరింత సన్నగా, తేలికగా మలచి, గేమ్ బాయ్ పాకెట్ అనే పేరుతో 1996 జులైలో వెలువడజేసినారు. ఏడేండ్లు దాటిన పాత యంత్రానికి మరల యౌవనమిచ్చి మరీ సెలవు తీసికొన్నారు. ఓటమి వెన్నంటినవాడు చేతిలోని పని చక్కబెట్టి పోవుట సామాన్య గుణం కాదు.

క్యోటోలో కోటో అనే సొంత సంస్థను నెలకొల్పి, బందాయ్ సంస్థకొరకు కొత్త చేతి యంత్రమొకదానిని ఊహించసాగినారు. ఒకే ఒక సెల్లుతో నడిచేది, రంగులు లేనిది, చౌకైనది. మళ్లీ అదే మార్గం. ఆ యంత్రం వెలువడుట ఆయన చూడలేదు. 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలోని హోకురికు రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారు ముందు పోతున్న లారీని తాకినది. ఏమి జరిగినదో చూచుటకు క్రిందికి దిగినారు. వెనుకనుండి వచ్చిన మరొక కారు ఆయనను ఢీకొన్నది. అప్పటికి ఆయన వయస్సు 56 ఏండ్లు. ఆయన ఊహించిన యంత్రం 1999 మార్చిలో వండర్‌స్వాన్ అనే పేరుతో 4,800 యెన్‌ల ధరకు వెలువడినది. దానితో వచ్చిన ఒక ఆటకు ఆయన స్మృతిగా గుంపే అని పేరు పెట్టినారు. 2003లో అంతర్జాతీయ ఆటల రూపకర్తల సంఘం ఆయనకు మరణానంతరం జీవన సాఫల్య పురస్కారమిచ్చి గౌరవించినది.

తిరిగి వచ్చినవి, రానివి

ఇప్పుడు ఆయన ఆటల మరుజన్మను పరిశీలింతము. 1997లో, ఎనిమిదేండ్ల వయసు మీరిన గేమ్ బాయ్ పైననే, పాత గేమ్ అండ్ వాచ్ ఆటలను ఏర్చికూర్చి గ్యాలరీ అనే కార్ట్రిడ్జిగా విడుదల చేసినారు. ఆ వరుసలో మూడవది 1999లో వచ్చినది. అందులో గ్రుడ్లను పట్టే ఆట ఉన్నది. కాని తిరిగి వచ్చినది మిక్కీ కాదు, ఎగ్. ఆనాడు అనుమతి లేక మారుముఖం తొడిగిన ఆటకే మరుజన్మ దక్కినది. సొంత గుడిసె నిలిచినది, అద్దె మేడ నిలువలేదు.

ఫామికామ్ తొలిరోజున మూడు ఆటలతో వెలువడినది. అవి డాంకీ కాంగ్, డాంకీ కాంగ్ జూనియర్, పొపాయి. 2016లో నింటెండో ఆ పాత ఇంటి యంత్రానికి చిన్న ప్రతిరూపాన్ని 30 ఆటలతో పాశ్చాత్య దేశాలలో విడుదల చేసినప్పుడు మొదటి రెండును అందులో చేరినవి. యొకోయి పర్యవేక్షణలో తయారైన మెట్రాయిడ్, కిడ్ ఇకారస్ కూడ చేరినవి. పొపాయి చేరలేదు. పొపాయి పాత్ర సొంతదారు వేరొకరన్న సంగతి మనకు తెలిసినదే. 1929లో తొలిసారి కనిపించిన పొపాయి రూపంపై అమెరికాలో గ్రంథస్వామ్య హక్కు 2025 జనవరి 1తో ముగిసినది. మనుష్యులు చేసిన కౌళ్లన్నిటికి ఎప్పుడో ఒకప్పుడు మియాదు తీరక తప్పదు.

టెట్రిస్ గతి మరొక విధం. గేమ్ బాయ్ నాటి టెట్రిస్ 2011లో మరొక చేతి యంత్రంపై తిరిగి వచ్చి, 2014 ముగిసేసరికి అమ్మకంనుండి మాయమై, పదేండ్ల పిదప 2024 డిసెంబరులో మరల ప్రత్యక్షమైనది. ఆ పదేండ్లు ఆట చెడిపోయినదా? లేదు. ఒక్క అక్షరం మారలేదు.

పాత యంత్రాలపైననే కొత్తగా కార్ట్రిడ్జులు పోసినవారు కూడ ఉన్నారు. 2019లో అమెరికాలోని లిమిటెడ్ రన్ గేమ్స్ సంస్థ, సొంతదారుల అనుమతితో, 1990ల తొలినాళ్లలోని స్టార్ వార్స్ ఆటలను నింటెండో ఇంటి యంత్రానికి, గేమ్ బాయ్‌కు సరిపడే కార్ట్రిడ్జులుగా మరల వెలువరించినది. ఆ యంత్రాల తయారీ నిలిచి ఎన్నో ఏండ్లయినది. అయినను ఆ కార్ట్రిడ్జి వాటి గూటిలో చక్కగా అమరును, యొకోయి మీట నొక్కగానే ఆట కదలును. యంత్రం సిద్ధంగానే ఉన్నది. కావలసినది పిలిచేవాని శ్రద్ధ, సొంతదారుని సమ్మతి.

అన్నిటికంటె మమ్ము కదిలించినది చివరి సంగతి. ఆయన ఓటమిగా లోకం లెక్కించిన వర్చువల్ బాయ్ ఆటలను మరల అందించనున్నట్లు, వాటిని చూచుటకు ఆ పాత యంత్రపు రూపంలోనే ఒక ఉపకరణం చేయనున్నట్లు 2025లో నింటెండో ప్రకటించినది. ముప్పై ఏండ్లు గడచినవి. నవ్విన నోళ్లు మూతబడినవి. పని నిలిచినది.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో కొత్త పరికరాలు లేవని, గ్రంథాలయంలో కొత్త పుస్తకాలు లేవని మనము నిట్టూర్చుట సహజం. కొత్తవి కోరుట తప్పు కాదు, సమకూర్చుట పెద్దల ధర్మం. కాని అవి వచ్చేదాక చేతులు ముడుచుకొని కూర్చున్నవానికి అవి వచ్చిన తరువాత కూడ చేయవలసినదేమో తోచదు. పేకముక్కల యంత్రానికి నూనె వేస్తూనే ఒక యువకుడు లోకాన్ని ఆడించే చేతిని కల్పించినాడు. గాల్వనోమీటరు మన బల్లమీద కూడ ఉన్నది.

రెండవ మాట. ఇతరుల సృష్టిని వాడుకొనునప్పుడు అనుమతి అడుగుట నీతి. అనుమతి దొరకనప్పుడు సొంతంగా సృష్టించుట పౌరుషం. అరువు పేరుతో వచ్చిన కీర్తి అరువు తీరగానే తొలగిపోవును. స్వయంగా కల్పించినది, గొరిల్లా అయినను, మీసాల వడ్రంగి అయినను, గ్రుడ్లు పట్టే తోడేలైనను, సొంతదారు పిలిచిన ప్రతిసారి తిరిగి వచ్చును. సృష్టికర్తల హక్కు భద్రంగా ఉండవలెను. ఆ హక్కు చాటున మంచి పని మరుగునపడి మరణించకుండను ఉండవలెను. ఈ రెంటికి పొత్తు కుదుర్చు మార్గం ఇంకను పూర్తిగా దొరకలేదు. న్యాయశాస్త్రం చదువబోయే మా విద్యార్థులలో ఎవరైనను దానిని సాధింతురని ఆశించుట అత్యాశ కాదు.

గుంపే యొకోయి పేరు బొమ్మలపై చెక్కియుండదు. చెక్కనక్కరయు లేదు. ఏ దేశపు పిల్లవాడైనను బొటనవ్రేలు కదిపినప్పుడల్లా, వాడెరుగకుండగనే, ఆ క్యోటో శిల్పి చేతిని తాకుతూనే ఉన్నాడు. ఆయన స్మృతికి మా వినమ్ర నివాళి.